వెళ్లిన కరెంటు తిరిగి రావాలి

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్: మన ఊళ్లలో కరెంటుకు రెండే పనులు. వస్తుంది, పోతుంది. "కరెంటు వచ్చిందా?" అని పక్కింటివాళ్లను కేకేసి అడుగుతాం. "ఇప్పుడే పోయింది" అని నిట్టూరుస్తాం. అది ఎక్కణ్నుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. విద్యుత్తు పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ నల్లబల్ల మీద రాసిన మొదటి వాక్యం ఒకటే: వెళ్లిన కరెంటు తిరిగి రావాలి.

ఉద్యోగ విరమణ తర్వాత మా అమ్మాయి, అల్లుడి దగ్గరికి వచ్చేశాను. డెట్రాయిట్‌కు వాయవ్యంగా ఉన్న ఈ ఊళ్లో బాష్ సంస్థ ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం ఉంది, నిస్సాన్ టెక్నికల్ సెంటర్ ఉంది. చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాల్లో కార్ల కంపెనీల్లో పనిచేసేవాళ్లే ఎక్కువ. పగలంతా ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు, మోటార్ల లెక్కలు చూసే పిల్లలే చలికాలం రాగానే నాకు ఫోన్లు చేస్తారు. "మాస్టారూ, హీటర్ పెట్టగానే బ్రేకర్ పడిపోతోంది." "మా అత్తగారు ఇండియా నుంచి మిక్సీ తెచ్చారు, తిరగనంటోంది." "ఎక్స్‌టెన్షన్ కార్డు కాస్త వెచ్చగా ఉంది, ఫర్వాలేదా?"

మొదటి రెండు ప్రశ్నలకూ తీరిగ్గా జవాబు చెప్పొచ్చు. మూడో ప్రశ్న వినగానే మాత్రం "ముందు ప్లగ్ పీకెయ్ నాయనా" అంటాను. మూడింటికీ మూలం బడిపిల్లల పాఠంలోనే ఉంది. మిషిగన్ బడుల్లో శక్తి ఒక చోటి నుంచి మరో చోటికి కరెంటు ద్వారా ఎలా చేరుతుందో నాలుగో తరగతిలోనే చెబుతారు. అంటే తాత, తండ్రి, మనవరాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోదగ్గ పాఠం ఇది.

చుట్టు పూర్తయితేనే వెలుగు

శనివారాలు మా ఇంటికి నలుగురైదుగురు పిల్లలు వస్తారు. వాళ్ల చేతికి ఒక టార్చిలైటు సెల్లు, చిన్న బల్బు, ఒకే ఒక్క తీగ ముక్క ఇచ్చి "వెలిగించండి" అంటాను. దాదాపు అందరూ తీగ ఒక కొసను సెల్లు మీది బొడిపెకు ఆనించి, రెండో కొస బల్బుకు తగిలిస్తారు. వెలగదు. "సెల్లు అయిపోయింది తాతయ్యా" అంటారు. కాసేపు తిప్పలు పడ్డాక ఎవరో ఒకరు బల్బు అడుగు భాగాన్ని సెల్లు మీద నిలబెట్టి, తీగను సెల్లు కింది నుంచి తెచ్చి బల్బు పక్కనున్న మరలకు తాకిస్తారు. వెలుగుతుంది! సెల్లు పై కొస నుంచి బల్బు లోకి, బల్బు నుంచి తీగలోకి, తీగ నుంచి సెల్లు కింది కొసకు దారి పూర్తయింది. దాన్నే విద్యుత్ వలయం, సర్క్యూట్ అంటాం. ఆ వలయంలో ఎక్కడైనా వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా ప్రవాహం ఆగిపోతుంది. స్విచ్ చేసే పని అదే. కావాలనుకున్నప్పుడు ఖాళీ పెడుతుంది, కావాలనుకున్నప్పుడు మూసేస్తుంది.

ఇక్కడ పెద్దవాళ్లు కూడా పొరబడే సంగతి ఒకటుంది. బల్బు కరెంటును తినేస్తుందనుకుంటారు. బల్బులోకి ఎంత కరెంటు వెళ్లిందో బయటికి అంతే వస్తుంది, రవ్వంత కూడా తగ్గదు. బల్బు దగ్గర దిగబెట్టేది శక్తిని. ఊరి చెరువు నీళ్లు తిరగలి చక్రాన్ని తిప్పి కిందికి పోయినట్టన్నమాట. చక్రం తిరిగింది కదా అని నీళ్లు తగ్గవు. కిందికి జారిన నీళ్లను మళ్లీ పైకి ఎత్తి పోసే మోటారు లాంటిది సెల్లు.

తీగలో కదిలేవి ఎలక్ట్రాన్లు. ఒక ఆంపియర్ కరెంటు అంటే సెకనుకు దాదాపు 6 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లు ఒక చోటు దాటిపోవడం. అన్నేసి కదులుతున్నా వాటి నడక మాత్రం నత్తనడక. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగలో ఒక ఆంపియర్ పారుతుంటే ఎలక్ట్రాన్లు గంటకు పావు మీటరు జరుగుతాయంతే. మరి స్విచ్ వేయగానే లైటు ఎలా వెలుగుతుంది? తీగ ముందే ఎలక్ట్రాన్లతో నిండి ఉంటుంది. నిండుగా ఉన్న పైపులో ఈ కొసన నీళ్లు నెడితే ఆ కొసన వెంటనే కారినట్టు, తీగ పొడవునా ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి కదులుతాయి. మన ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటులోనైతే అవి ముందుకు కూడా సాగవు. అమెరికాలో సెకనుకు 60 సార్లు, ఇండియాలో 50 సార్లు అటూ ఇటూ ఊగుతాయి.

ట్యాంకు ఎత్తు, పైపు సన్నం

వోల్టేజి, కరెంటు, నిరోధం. ఈ మూడు మాటలూ అర్థమైతే ఇంటి వైరింగు సగం అర్థమైనట్టే. మేడ మీది నీళ్ల ట్యాంకును తలచుకోండి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయిలో అంత ఒత్తిడి. ఆ ఒత్తిడి లాంటిది వోల్టేజి. పైపులో నిమిషానికి ఎన్ని లీటర్లు పారుతున్నాయన్నది కరెంటు, దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. పైపు సన్నగా ఉంటే, లోపల పాచి పట్టి ఉంటే ధార తగ్గుతుంది. అది నిరోధం, కొలత ఓమ్. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందని జర్మనీకి చెందిన గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించాడు. దీనికి ఇంకొక్క లెక్క కలపండి. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వాట్లు, అంటే ఆ పరికరం ఎంత వేగంగా శక్తిని వాడుతోందో తెలుస్తుంది.

ఈ రెండు లెక్కలతో మన ఇళ్లలో జరిగేది చూద్దాం.

ఒకే మిక్సీ, రెండు దేశాలు

ఇండియాలో ప్లగ్గులో 230 వోల్టులు, ఇక్కడ 120. ఇండియా మిక్సీనో, ఇస్త్రీపెట్టెనో ఇక్కడి ప్లగ్గులో పెడితే వోల్టేజి సుమారు సగమే అందుతుంది. వోల్టేజి సగమైతే కరెంటూ సగమవుతుంది. రెండు సగాలను గుణిస్తే పావు. అందుకే అక్కడ 1000 వాట్లతో కాలే ఇస్త్రీపెట్టె ఇక్కడ 270 వాట్ల దగ్గర ఆగిపోతుంది. చీర మడత కూడా పోదు. దాని వల్ల పెద్ద ప్రమాదం లేదు, పని జరగదంతే.

ప్రమాదం రివర్సులో ఉంది. వేసవి సెలవులకు ఊరెళ్తూ మన అమ్మాయిలు ఇక్కడ కొన్న హెయిర్ డ్రయ్యరో, జుట్టు రింగులు తిప్పే కడ్డీనో సూట్‌కేసులో పెట్టుకుంటారు. 120 వోల్టులకు చేసిన వస్తువును 230లో పెడితే అది తీసుకునే శక్తి మూడున్నర రెట్లు దాటిపోతుంది. పెట్టిన నిమిషంలో పొగ వస్తుంది. పిన్ను మార్చే అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజి జోలికి పోదు. వస్తువు వెనక చిన్న అక్షరాల్లో 100-240 వోల్టులు అని ఉంటే భయం లేదు. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద ఎక్కువగా అలాగే ఉంటుంది. 120 అని మాత్రమే ఉంటే ఇక్కడే వదిలేసి వెళ్లండి.

రుబ్బురోలు గ్రైండర్ సంగతి వేరు. "ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను కదా మాస్టారూ, 230 చేసి ఇస్తోంది, ఇంకేం భయం?" అని అడుగుతారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పెంచుతుంది, సెకనుకు 60 ఊపులను 50 చేయలేదు. గ్రైండర్లలో ఎక్కువగా ఉండే ఇండక్షన్ మోటారు వేగం ఆ ఊపుల మీదే ఆధారపడుతుంది. ఇక్కడ అది ఐదో వంతు ఎక్కువ వేగంగా తిరగడానికి చూస్తుంది. పిండి వేడెక్కుతుంది, మోటారూ వేడెక్కుతుంది. అమెరికా కరెంటుకే తయారుచేసిన గ్రైండర్లు మన దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఇడ్లీ మెత్తగా రావాలంటే ఆ ఖర్చే నయం.

ఇక్కడ వోల్టేజి తక్కువ కావడానికి చరిత్రే కారణం. ఎడిసన్ 1882లో న్యూయార్కులో పెట్టిన విద్యుత్ కేంద్రం సుమారు 110 వోల్టులతో నడిచింది. దాన్ని పట్టుకునే అమెరికా ఇళ్లు 120 దగ్గర స్థిరపడ్డాయి. ఆ ఎడిసన్ మెన్లో పార్క్ ప్రయోగశాలను హెన్రీ ఫోర్డ్ మనకు పక్కనే ఉన్న డియర్‌బర్న్‌లో తిరిగి కట్టించాడు. బల్బు పుట్టిన 50 ఏళ్ల పండుగను 1929 అక్టోబరు 21న అక్కడే చేశారు. ఎడిసన్ స్వయంగా వచ్చాడు, అధ్యక్షుడు హూవర్ కూడా వచ్చాడు. కార్లు తయారుచేయక ముందు ఫోర్డ్ డెట్రాయిట్‌లోని ఎడిసన్ విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేసినవాడే. మనవల్ని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కు తీసుకెళ్లినప్పుడు రైలెక్కించి వచ్చేయకండి, ఆ ప్రయోగశాలలోకి కూడా తీసుకెళ్లండి.

బ్రేకర్ చూడని తీగ

వోల్టేజి సగమైతే అదే పనికి కరెంటు రెట్టింపు కావాలి. 1500 వాట్ల గది హీటర్ ఇండియాలో ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటే ఇక్కడ పన్నెండున్నర తీసుకుంటుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే ఒకే రకం తీగలో, ఒకే హీటర్ పనికి, ఇక్కడ మూడున్నర రెట్లకు పైగా వేడి పుడుతుంది. అక్కడ ఏళ్ల తరబడి సన్నటి వైరు మీద నెట్టుకొచ్చిన అలవాటు ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

క్రితం సంక్రాంతికి మా పరిచయస్తుల ఇంట్లో బేస్‌మెంట్‌లో విందు. చలిగా ఉందని హీటర్ పెట్టారు. దానికీ, పులిహోర వేడిగా ఉంచే 300 వాట్ల ట్రేకూ కలిపి ఒకే తెల్లటి ఎక్స్‌టెన్షన్ కార్డు వేశారు. పిల్లల కాళ్లకు తగలకుండా కార్డును తివాచీ కింద నుంచి లాగారు. గంట తర్వాత ప్లాస్టిక్ కమురు వాసన. ఒక అమ్మ గమనించి ప్లగ్ పీకింది. తివాచీ ఎత్తి చూస్తే కార్డు మెత్తబడి, దాని గీత నేల మీద అచ్చు పడింది.

"బ్రేకర్ ఎందుకు పడలేదు?" అని అందరూ ఆశ్చర్యపోయారు. లెక్క చూడండి. హీటర్ పన్నెండున్నర, ట్రే రెండున్నర, మొత్తం 15 ఆంపియర్లు. ఆ కార్డు మీద రాసి ఉన్న హద్దు 13. ఆ ప్లగ్గుకున్న బ్రేకర్ హద్దు 20. బ్రేకర్ కాపలా కాసేది గోడ లోపలి తీగకు. మనం బయట తగిలించిన సన్నటి కార్డు దాని లెక్కలో లేదు. 13కూ 20కీ మధ్య ఉన్న ఆ సందులో కార్డు కాలిపోతున్నా బ్రేకర్‌కు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పైన తివాచీ ఉండటంతో వేడి బయటికి పోయే దారి కూడా లేదు. అందుకే హీటర్‌ను ఎప్పుడూ నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ కార్డు, పవర్ స్ట్రిప్ దానికి పనికిరావు.

బ్రేకర్ మాటిమాటికీ పడుతుంటే విసుక్కుని పెద్ద బ్రేకర్ పెట్టమనేవాళ్లూ ఉన్నారు. మన ఊళ్లో ఫ్యూజు పోతే రెండు పోగుల చోట నాలుగు పోగులు చుట్టినట్టే ఇది. ఫ్యూజు నిలబడుతుంది, కాలేది ఇల్లు. బ్రేకర్ పడిందంటే ఆ దారి మీద బరువు తగ్గించమని అర్థం.

సీరియల్ లైట్ల పాఠం

దీపావళికి, పెళ్లిళ్లకు మనం కట్టే సీరియల్ లైట్ల పేరులోనే పాఠం ఉంది. బల్బులన్నీ ఒకే దారిలో, ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. దీన్ని శ్రేణి సంధానం అంటాం. క్రిస్మస్‌కు ఇక్కడ అమ్మే పాతరకం బుల్లి బల్బుల దండ తీసుకుని లెక్కపెట్టించండి. ఒక్కో వరసకు 50 బల్బులు, ఒక్కోటి రెండున్నర వోల్టులది. గుణిస్తే 125, మన ప్లగ్గు వోల్టేజికి దగ్గర. ఒక బల్బును తొర్రలోంచి ఊడబీకితే వరసంతా ఆరిపోతుంది, వలయం తెగింది కాబట్టి.

ఇంట్లో ప్లగ్గులు ఇలా ఉండవు. అవి సమాంతర సంధానంలో ఉంటాయి. ఒక్కోదానికి వేరే దారి, అందరికీ అవే 120 వోల్టులు. హాల్లో లైటు ఆర్పితే వంటింట్లో ఆరదు. కానీ ప్రతి దారిలో పారే కరెంటూ బ్రేకర్ దగ్గర కలుస్తుంది. 20 ఆంపియర్ల వంటింటి బ్రేకర్ మోయగలిగేది 2400 వాట్లు. 1000 వాట్ల ఇన్‌స్టంట్ పాట్, 1200 వాట్ల టోస్టర్, 750 వాట్ల మిక్సీ ఒకే దారి మీద ఒకేసారి పనిచేస్తే 2950 అవుతుంది. పొద్దున్నే బడి హడావుడిలో బ్రేకర్ పడేది ఇందుకే. చట్నీ తిప్పాక టోస్టర్ నొక్కితే సరి, లేదా వేరే బ్రేకర్ మీదున్న ప్లగ్గు వాడితే సరి.

కాకికి తగలని షాక్

"కరెంటు తీగ మీద కాకి కూర్చుంటే చావదేం?" గుంటూరు జిల్లా పిల్లలు, మిషిగన్ పిల్లలు మాట మార్చకుండా అడిగే ప్రశ్న ఇది. కాకి రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి. దాని ఒంట్లోంచి తిరిగి వెళ్లడానికి వేరే దారి లేదు. రెక్క చాచినప్పుడు రెండో తీగ తగిలితే ఆ క్షణమే వలయం పూర్తవుతుంది. నేల మీద నిలబడ్డ మనకు నేలే ఆ రెండో తీగ.

బాత్‌రూంలో, వంటింటి సింకు పక్కన ప్లగ్గు మీద రెండు చిన్న బొత్తాలు ఉంటాయి, గమనించారా? దాన్ని జీఎఫ్‌సీఐ అంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జియల్ 1961లో రూపొందించిన పరికరం. అది చేసేది మా నల్లబల్ల మీది వాక్యాన్ని కాపలా కాయడమే. ఒక తీగలో ఎంత కరెంటు వెళ్లిందో, రెండో తీగలో అంతా తిరిగొచ్చిందో లేదో చూస్తూ ఉంటుంది. ఆంపియర్‌లో వెయ్యో వంతు మిల్లీ ఆంపియర్. ఐదు మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినా, ఆ కాస్త కరెంటు ఎవరి ఒంట్లోంచో నేలకు పోతోందని లెక్కగట్టి రెప్పపాటులో ఆపేస్తుంది. తడి ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. అప్పుడు 120 వోల్టులకు 120 మిల్లీ ఆంపియర్లు పారతాయి. గుండె ఆగడానికి అది చాలు. 20 ఆంపియర్ల బ్రేకర్‌కు అది లెక్కలోకే రాదు. ఆ పని చేసేది ఈ చిన్న బొత్తాల ప్లగ్గే. నెలకోసారి టెస్ట్ బొత్తాం నొక్కి, టప్పున పడుతోందో లేదో చూసుకోండి.

మంచు తుఫాను రాత్రి

2023 ఫిబ్రవరి 22న గడ్డకట్టే వాన కురిసి చెట్లు విరిగి తీగల మీద పడ్డాయి. మిషిగన్‌లో లక్షల ఇళ్లు చీకట్లో ఉండిపోయాయి. కొందరికి రోజుల తరబడి కరెంటు రాలేదు. నైరుతి మిషిగన్‌లో తెగిపడిన తీగ తగిలి ఒక అగ్నిమాపక సిబ్బంది ప్రాణం పోయింది. నేల మీద పడ్డ తీగ నిప్పురవ్వలు చిమ్మకపోయినా, దాంట్లో కరెంటు లేదని అనుకోవద్దు. కనీసం 25 అడుగుల దూరంలో ఉండి ఫోన్ చేయండి.

ఆ తర్వాత చాలామంది జనరేటర్లు కొన్నారు. రెండు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, జనరేటర్‌ను గరాజ్‌లో నడపకూడదు, తలుపు తెరిచి ఉన్నా సరే. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రెండు, జనరేటర్ తీగను గోడ ప్లగ్గులోకి గుచ్చి ఇల్లంతా వెలిగించే చిట్కా ఎవరు చెప్పినా వినకండి. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. వీధి తీగల్లోని వేల వోల్టులను మన ఇంటికి తగ్గించి ఇచ్చినట్టే, మన ఇంట్లోంచి వెనక్కి వెళ్లిన వోల్టేజిని మళ్లీ వేలకు పెంచుతుంది. కరెంటు లేదనుకుని ఆ తీగ పట్టుకున్న లైన్‌మన్ ఒంట్లోంచి అది నేలకు చేరుతుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

ఈ వారాంతం ఒక పని

ఇంత చదివాక ఒక గంట కేటాయించండి. బేస్‌మెంట్‌లోనో గరాజ్‌లోనో ఉన్న బ్రేకర్ ప్యానెల్ చిన్న తలుపు తెరవండి. తలుపు వరకే, లోపలి మూతకున్న మరలు విప్పవద్దు. తలుపు వెనక కాగితం మీద ఏ బ్రేకర్ ఏ గదిదో రాసి ఉండాలి. చాలా ఇళ్లలో అది ఖాళీగా ఉంటుంది, లేదా పాత యజమాని రాత చదవడానికి రాదు. కంప్యూటర్లు ముందే ఆపేసుకుని, మీరు ఒక్కో బ్రేకర్ ఆర్పుతుంటే పిల్లలు పైన పరుగెత్తుతూ ఏ లైటు పోయిందో కేకేసి చెప్పాలి. ఆ కాగితం వాళ్ల చేతే నింపించండి. తెలుగు రాయడం నేర్చుకుంటున్న పిల్లలైతే వంటిల్లు, పడకగది, దేవుడి గది అని తెలుగులో కూడా రాయనివ్వండి.

మా మనవరాలు మా ఇంటి కాగితం నింపడానికి 40 నిమిషాలు పట్టింది. అంతా అయ్యాక రెండు బ్రేకర్లు ఏ గదివో తేలలేదు. అవి దేనివో కనిపెట్టే పని ఇప్పుడు తనదేనట. నన్ను మాత్రం జవాబు చెప్పొద్దంది.